అంతర్యుద్ధ కథ రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి, ఆశీస్సులు.

శ్రీలంక అంతర్యుద్ధం నేపథ్యంగా నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం నీ మాట వింటోంది, ఆ విషయంలో నాకు బెంగ లేదు. అయితే ఎనిమిది పేజీల్లో అయిదుచోట్ల బాంబులు పడ్డాయి. ఆ నడుమ ఇంట్లోవాళ్ళు ఏం వండుకున్నారో, ఎవరికి భయపడి ఏ మాట మింగేశారో ఎక్కడా కనిపించలేదు. ప్రభుత్వ సైన్యానికీ, ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్టీటీఈ (టైగర్లు)కీ మధ్య 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధమది. అందులోనే పుట్టి, పెళ్ళాడి, పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. వాళ్ళకు హింస చాలా రోజులు అనుమతి రూపంలోనే ఎదురైంది: కిరోసిన్ కొనాలన్నా, రోడ్డు దాటాలన్నా, ఊరు విడిచి వెళ్ళాలన్నా, చివరికి ఎదిగిన కొడుకును ఇంట్లో ఉంచుకోవాలన్నా తుపాకీ పట్టినవాడు సరేననాలి. నీ కథ అక్కడ మొదలవ్వాలి.

1990 తర్వాత ప్రభుత్వం ఉత్తరాదికి వెళ్ళే ఇంధనం, బ్యాటరీలు, సిమెంటు వంటి సరుకుల మీద ఆంక్షలు పెట్టింది. అక్కడి ప్రధాన పట్టణం జాఫ్నాలో జనం జామ్ సీసాలో కాస్త కిరోసిన్ పోసి దీపం పెట్టుకున్నారు, సబ్బు కరువై తాటిపండు గుజ్జుతో బట్టలు ఉతుక్కున్నారు, సైకిల్ చక్రం తిప్పి డైనమో కరెంటుతో రేడియో విన్నారు. ఇలాంటి వివరాలు దొరకగానే వాళ్ళ తెలివికి మురిసిపోతూ రాయాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్తపడు. చక్రం తిప్పే పిల్లవాడికి చేతులు నొప్పి పుడతాయి, ఆ రాత్రి వార్తల్లో దాడి జరిగిందని చెప్పిన ఊరు అతని మేనత్తది కావచ్చు. వాళ్ళు పాటలూ విన్నారు, అదీ రాయి. పెరట్లో తాటి మొద్దులు, ఇసుక బస్తాలతో కట్టుకున్న బంకర్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. వానాకాలంలో అందులో నీళ్ళు నిలిచేవి, పాములు చేరేవి. మోకాళ్ళ నొప్పులతో దిగలేని ముసలమ్మను ఇంట్లోనే వదిలి మిగతావాళ్ళు దిగారనుకో. విమానం వెళ్ళిపోయాక మళ్ళీ పైకొచ్చి ఆమె ముఖం ఎలా చూస్తారో ఆలోచించు. నీ అయిదు బాంబులకన్నా అది కష్టమైన సన్నివేశం.

రెండో లోపం ఇంకా పెద్దది. నీ కథలో దుర్మార్గమంతా ఒకవైపే ఉంది. 1990 అక్టోబరు 30న జాఫ్నా ముస్లింలను రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయమని టైగర్లు వెళ్ళగొట్టారు. సరిగ్గా అయిదేళ్ళకు, 1995లో అదే తేదీన, సైన్యం ముందుకొస్తుంటే లక్షలాది తమిళులను రాత్రికి రాత్రే కదిలిపొమ్మని మైకుల్లో చెప్పిందీ వాళ్ళే. మనమూ పక్కకు తప్పుకోలేం: శాంతి పరిరక్షణ పేరుతో వెళ్ళిన భారత సైన్యం 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో కాల్పులు జరిపితే రోగులతో పాటు వైద్యులు, నర్సులు కూడా చనిపోయారు. అన్ని పక్షాల దౌర్జన్యాలనూ నమోదు చేసిన జాఫ్నా విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు రజని తిరణగమను 1989 సెప్టెంబరులో, సైకిల్ మీద ఇంటికి వెళ్తుండగా కాల్చి చంపారు. ఆ తర్వాత ఆ వీధిలో పక్కింటివాళ్ళ ముందు ఎవరు ఎంత గొంతుతో మాట్లాడి ఉంటారో ఊహించడం రచయిత పని. సమతూకం కోసం ఒక పేజీ ఇటు, ఒక పేజీ అటు రాయమని నేననడం లేదు. మనిషి ఇద్దరికీ భయపడుతున్నప్పుడు ఆ రెండు భయాలూ ఒకే వాక్యంలోకి వస్తాయి.

నీ కథలో నాకు నచ్చింది, నువ్వు పెద్దగా పట్టించుకోనిది, మూడో పేజీలోని పెళ్ళి. దాన్ని బాంబు పడడానికి పందిరిగా మాత్రమే వాడుకున్నావు. యుద్ధం చివరి సంవత్సరాల్లో ఉత్తరాదిలోనే ఉన్న వన్ని ప్రాంతంలో టైగర్లు ఇంటికొకరిని దళంలో చేర్చమని బలవంతపెట్టారు. పెళ్ళయినవాళ్ళను వదిలేస్తారన్న ఆశతో తల్లిదండ్రులు పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు హడావుడిగా పెళ్ళిళ్ళు చేశారు. కొంతకాలానికి ఆ మినహాయింపూ పోయింది. ఒక్క బాంబూ లేకుండా ఆ పెళ్ళినే కథగా రాయి. సంబంధం ఎవరు తెచ్చారు, పిల్లను ఎవరైనా ఒక్క మాట అడిగారా, పెళ్ళయిందని నమ్మించడానికి వాళ్ళను ఒకే గదిలో ఉంచారా, మినహాయింపు రద్దయిందన్న కబురు ఎవరి నోట వచ్చింది, ఇవన్నీ నువ్వు తేల్చుకోవాలి. రెండో ప్రతి పండగలోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో.