మా సంఘం నన్ను ఓదార్చలేదు, పొదుపు అడిగింది

భర్త పోయిన తరువాత మీ అక్కగారు గడప దాటడం లేదని, బంధువులు వచ్చి ఎంత ధైర్యం చెప్పినా ఫలితం కనిపించడం లేదని, చుట్టూ ఉన్నవారి తోడుతో మనిషి నిజంగా తేరుకోగలదా అని మీరు అడిగారు. తేరుకోగలదు. అయితే ఆ తోడు ఓదార్పు మాటలుగా వస్తే పని చేయదు. వచ్చేవారికి ఒక నిర్ణీతమైన రోజు ఉండాలి, చేయవలసిన పని ఉండాలి, మనల్ని నిలదీసి అడిగే హక్కు కూడా ఉండాలి. ఇది మా ఊరి మహిళా పొదుపు సంఘంలో నేను అనుభవించి చెబుతున్న మాట.

మాది పల్నాడులో నరసరావుపేటకు దగ్గరగా ఉన్న ఒక ఊరు. మాకు సెంటు భూమి లేదు. నా భర్త గుంటూరు మిరప యార్డుకు బస్తాలు తోలే లారీల మీద హమాలీగా వెళ్ళేవారు. 2010 వేసవిలో ఒక రాత్రి లారీ బోల్తా పడి ఆయన పోయారు. అప్పటికి పెద్దపిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది, పిల్లవాడు ఇంకా బడిలో చేరలేదు. పరామర్శకు వచ్చినవారందరూ అదే ప్రశ్న అడిగేవారు: ఎలా జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, నీకు ఎవరు చెప్పారు? ప్రతి ఒక్కరికీ ఆ రాత్రిని మొదటి నుంచి చెప్పవలసి వచ్చేది. వారు ఏడ్చి, తేలికపడి వెళ్ళిపోయేవారు. నేను అక్కడే ఉండిపోయేదాన్ని. పరామర్శ పేరుతో మన ఊళ్ళలో జరిగే ఈ విచారణ ఆగిపోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. భర్త పోయిన స్త్రీ పొద్దున్నే ఎదురు రాకూడదని, శుభకార్యాలకు వెనుక నిలబడాలని చెప్పే పెద్దలే ఆమెను "ధైర్యంగా ఉండు" అనడం నేను ఇప్పటికీ సహించలేను.

శవపరీక్ష పూర్తయి ఆయనను ఇంటికి తెచ్చిన పూట, మండలంలోని పొదుపు సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్య తరఫున, బీమా పనులు చూసే బీమా మిత్ర వచ్చి అంత్యక్రియల ఖర్చుకు ఐదు వేల రూపాయలు నా చేతిలో పెట్టింది. అప్పట్లో ఆమ్ ఆద్మీ బీమా యోజన కింద భూమి లేని కుటుంబ పెద్ద సహజంగా మరణిస్తే 30,000 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 75,000 రూపాయలు వచ్చేవి. మా జిల్లాలో ఆ కాగితాల పని అంతా మహిళా సంఘాల సమాఖ్యలే చూసేవి. ఎఫ్ఐఆర్ నకలు, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రం ఎక్కడెక్కడ తీసుకోవాలో ఆమెకు తెలుసు. ఆమె ఒక్క ఓదార్పు మాట కూడా అనలేదు. నా రేషన్ కార్డు ఎక్కడుందో అడిగి, ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెడుతున్నానో చదివి వినిపించి, మళ్ళీ ఏ రోజు వస్తుందో చెప్పి వెళ్ళింది. చెప్పిన రోజునే వచ్చింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది పెద్దకర్మ అయిన వారంలోనే జరిగింది. అంతకుముందు పెద్దపిల్ల ఆసుపత్రి ఖర్చులకు మేము చిన్న చిన్న అప్పులు ఇచ్చే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ వద్ద అప్పు తీసుకున్నాము. వారం వారం వాయిదా వసూలు చేస్తారు కాబట్టి మా ఊళ్ళో వారిని "వారం వాళ్ళు" అనేవారు. ఐదుగురు ఆడవాళ్ళు ఒక గుంపు. ఒకరు వాయిదా కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి, కట్టేదాకా ఎవరూ అక్కడినుంచి లేవకూడదు. ఆ ఉదయం వసూలుకు వచ్చిన కుర్రవాడు మిగిలిన నలుగురినీ తీసుకువచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టాడు. వారు నాకు పరాయివారు కారు, నాతో కలిసి మిరప కోతలకు వచ్చినవారే. వారిలో ఒకరు, కూలి పోతున్నదన్న బాధతో, "చావు మా ఇంట్లో జరగలేదుగా" అన్నది. నేను లోపల గోడకు ఆనుకుని ఆ మాట విన్నాను.

కొద్దిసేపటికి మా పొదుపు సంఘం లీడరు, నేను పెద్దమ్మ అని పిలిచే మనిషి, చాప చంకన పెట్టుకుని, మినిట్స్ పుస్తకం పట్టుకుని వచ్చింది. వెనుకే మిగిలిన సభ్యులు వచ్చారు. ఆమె అరుగు మీద చాప పరచి ఆ కుర్రవాడితో, "అబ్బాయ్, ఇవాళ ఇక్కడ మా సంఘం మీటింగు. నీ లెక్కేదో పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని మాట్లాడదాం, పద్దు పుస్తకం తెచ్చుకో" అన్నది. గొంతు పెంచలేదు. అంతమంది ఆడవాళ్ళ మధ్య అతనికి నిలబడే చోటు లేకపోయింది. నాతో పాటు అప్పు తీసుకున్న నలుగురిలో ముగ్గురు మా సంఘం సభ్యులే కాబట్టి, వారు కూడా లేచి ఇటువైపు చాప మీదకు వచ్చి కూర్చున్నారు.

ఆ తరువాత హాజరు పిలిచారు. నా పేరు వచ్చింది. లోపలినుంచే పలికాను. "యాభై రూపాయలు ఏదమ్మాయ్, ఈ నెల పొదుపు?" అని పెద్దమ్మ అడిగింది. మా ఆడపడుచుకు కోపం వచ్చింది. ఈ సమయంలో డబ్బు అడగడానికి మీకు నోరెలా వచ్చిందని నిలదీసింది. పెద్దమ్మ ఆమెతో, "తను మా సభ్యురాలమ్మా. పొదుపు కట్టకపోతే ఇవాళ అప్పు ఎట్లా అడుగుతుంది?" అన్నది. అందరూ నాకు ఏదో ఒకటి పెట్టిపోవడానికే వస్తున్న ఆ రోజుల్లో, నా నుంచి ఒకటి రావలసి ఉందని గుర్తుచేసిన మొదటి మనిషి ఆమె. నేను లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి నోట్లు వెతికి, అరుగు మీదకు వచ్చి యాభై రూపాయలు ఇచ్చాను. బంధువుల మాట ప్రకారం నేను అప్పుడే బయటకు రాకూడదు. ఎవరూ నా ముఖం వైపు ప్రత్యేకంగా చూడలేదు, జరిగి చోటిచ్చారు. బీమా సొమ్ము వచ్చేదాకా వారం వాయిదాలు కట్టుకోవడానికి నాకు అంతర్గత అప్పు, అంటే సంఘం సొంత పొదుపులోనుంచి అప్పు, ఇవ్వాలని తీర్మానం చేశారు. ఇంటర్మీడియట్ దాకా చదివావు కదా అని ఆ తీర్మానాన్ని నా చేతనే రాయించారు. నా భర్త మరణాన్ని నేను మొదటిసారిగా అక్షరాలలో పెట్టింది ఆ పుస్తకంలోనే.

అందుకే, పదిమంది కలిస్తే చాలు బలం వస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే అరుగు మీద, అదే మనుషులు, ఒక గుంపుగా నా మీదకు వచ్చారు, మరొక గుంపుగా నా పక్కన కూర్చున్నారు. మొదటి గుంపును కట్టింది బయటివారి డబ్బు. రెండవదానిలో డబ్బు మాదే, నియమాలు మావే, తీర్మానం మాదే. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి, ఇళ్ళ మీదకు వచ్చి వేధించే వసూళ్ళను అడ్డుకున్నది. ఆ పని ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే ఎన్నో ఇళ్ళు నిలబడి ఉండేవని నా నమ్మకం.

ఇలా కలిసి నిలబడే అలవాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీదకు వెళ్ళిన తరువాతనే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకు ఒక రూపాయి పొదుపు ఉద్యమంగా సాగింది. మా పెద్దమ్మ వయసు వారికి సంఘమంటే అప్పు ఇచ్చే చోటు కాదు, మగవాడు తాగి వచ్చి కొడితే ఏ ఇంటికి పరుగెత్తాలో తెలియడం. ఇప్పుడు చాలా ఊళ్ళలో సమావేశం జరగడమే లేదు. బుక్ కీపరు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంది, బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, వస్తే సమానంగా పంచుకుని ఎవరి ఇంటికి వారు పోతారు, సభలకు జనం కావలసినప్పుడు మాత్రం సంఘాలు గుర్తుకు వస్తాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, సక్రమమైన పుస్తకాలు అనే పంచసూత్రాలను గోడల మీద రాయించినవారే మొదటి సూత్రాన్ని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఎదురెదురుగా కూర్చోవడమే లేని సంఘంలో, ఎవరింట్లో కష్టం వచ్చిందో ఎవరికి తెలుస్తుంది?

మీ అక్కగారికి నిద్ర, తిండి పూర్తిగా తప్పి ఉంటే ముందు వైద్యునికి చూపించండి. దానితో పాటు ఆమె ఏ సంఘంలో సభ్యురాలో తెలుసుకుని, లీడరును కలిసి, వచ్చి ఓదార్చమని కాక, వచ్చే నెల సమావేశం ఆమె ఇంటి వద్ద పెట్టమని, మినిట్స్ ఆమె చేత రాయించమని అడగండి. ఆమెకు సంఘం లేకపోతే, ఆ వీధిలో పదిమంది ఉంటే కొత్తది కట్టుకోవచ్చు, గ్రామ సమాఖ్యలో అడిగితే దారి చెబుతారు. వితంతు పింఛను దరఖాస్తు ఇంకా పెట్టకపోతే, ఆ పని మీరు మీ చేతుల మీదుగా పూర్తి చేసి పెట్టకండి. సభ్యులు ఇద్దరు ఆమెను వెంటబెట్టుకుని ఊరి సచివాలయానికి వెళ్ళాలి, అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబులు ఆమే చెప్పాలి.