గెలిచి వెళ్లిపోతే ఓటరు కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది తిరుపతి, కొర్లగుంట. 1983లో ఎన్టీఆర్ ఇక్కడా గుడివాడలోనూ నిలబడి రెండు చోట్లా గెలిచారు. 2009లో చిరంజీవి గారూ రెండు చోట్ల పోటీ చేశారు. ఇక్కడ గెలిచి, మూడేళ్లకే రాజ్యసభకు వెళ్లిపోయారు. 2012లో ఉప ఎన్నిక, 2015లో మళ్లీ ఉప ఎన్నిక. ఇలా వదిలి వెళ్లేవాళ్ల నుంచి ఆ ఖర్చు రాబట్టమని కోర్టులో వేయొచ్చా? ఇంకో సంగతి. మా తమ్ముడు పేరూరులో ఇల్లు కట్టుకుని అక్కడే ఉంటున్నాడు. అతని ఓటు మా ఇంటి చిరునామాతోనే ఉంచుకుంటే తప్పా?

– ఒక ఓటరు

జవాబు: ఖర్చు రాబట్టే వీలు ఇప్పటి చట్టంలో లేదు. వేసినా కేసు నిలబడదు. ఎందుకో తెలియాలంటే మీరు చెప్పినవాటిని ముందు విడదీయాలి. మీరు అన్నిటినీ ఒక గాటన కట్టారు గానీ, చట్టం దృష్టిలో అవి వేరు వేరు.

ఎన్టీఆర్ సంగతి ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 70వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒకే సభకు రెండు చోట్ల గెలిస్తే 14 రోజుల్లో ఒకటి ఉంచుకుని మిగతాది వదిలేయాలి. గడువు దాటితే ఒక్క సీటూ మిగలదు. అప్పట్లో ఎన్ని చోట్ల నిలబడాలన్నదానికి పరిమితే లేదు. 1985లో ఆయన గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడిట్లోనూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1996లో చట్టాన్ని సవరించి, రెండు చోట్లకు మించి కుదరదన్నారు. ఆ రెండూ ఎందుకని 2004లోనే ఎన్నికల సంఘం అడిగింది. ఒకటే చేయండి, లేదంటే ఉప ఎన్నికకు కారణమైన వాళ్ల చేత డబ్బు కట్టించండి అని ప్రతిపాదించింది. మీ మనసులో ఉన్నదీ అదే. పార్లమెంటు ఇప్పటిదాకా దాన్ని చట్టం చేయలేదు. రెండు చోట్ల పోటీని కొట్టేయమంటూ వేసిన పిల్‌ను (ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని) 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమంది. అందుకే మీ కేసు నిలబడదంటున్నాను.

చిరంజీవి గారి రాజీనామాకు ఈ సెక్షన్‌తో పనే లేదు. ఆయన పాలకొల్లులో ఓడిపోయారు కాబట్టి చేతిలో ఉన్నది ఒక్క తిరుపతే. 2012లో రాజ్యసభకు ఎన్నికయ్యాక వచ్చిన చిక్కు వేరు. ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీగా కొనసాగడం కుదరదు. గెజెట్‌లో ప్రకటన వచ్చిన 14 రోజుల్లోగా ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయకపోతే పోయేది పార్లమెంటు సీటే. ఇక ఎవరైనా ఏది వదులుకుంటారో చెప్పక్కర్లేదు. ఆ రాజీనామా ఇష్టపూర్వకంగా ఇచ్చిందా, నిజమైనదా అని చూసుకునే పని స్పీకరుది. ఓటరు అభ్యంతరానికి అక్కడ చోటు లేదు. గెలిపించినవాళ్లను వెనక్కి పిలిచే హక్కూ మన దగ్గర ఎమ్మెల్యేల విషయంలో లేదు. నాకైతే ఇది లోటే అనిపిస్తుంది.

2015 ఉప ఎన్నికను ఈ లెక్కలో కలపకండి. 2014 డిసెంబరులో ఎమ్మెల్యే వెంకటరమణ చనిపోయారు. ఫిబ్రవరిలో ఆయన భార్య సుగుణమ్మ లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. మీకు పనికొచ్చే సెక్షన్ ఇక్కడుంది. 1996 సవరణతోనే వచ్చిన 151ఏ ప్రకారం ఖాళీ అయిన సీటును ఆరు నెలల్లో నింపాలి. సభ గడువు ఏడాదిలోపే మిగిలి ఉన్నా, ఎన్నిక జరపడం కష్టమని కేంద్రంతో సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించినా మినహాయింపు. ఆ రెండూ లేకుండా జాప్యం చేస్తే ఎన్నిక జరిపేలా ఆదేశించమని హైకోర్టులో రిట్ వేయొచ్చు. అది నిలబడే కేసు.

ఇక మీ తమ్ముడి ఓటు. నిజానికి మీరు టెన్షన్ పడాల్సింది దీని గురించే. పేరూరు పోస్టు చిరునామాలో తిరుపతి అనే రాస్తారు గానీ, అది తిరుపతి రూరల్ మండలం, చంద్రగిరి నియోజకవర్గం. 2008 నియోజకవర్గాల పునర్విభజన తర్వాత తిరుపతి సీటు అర్బన్ మండలానికే పరిమితమైంది. తిరుమల కొండ కూడా అందులోనే ఉంది. ఇల్లు కట్టుకున్నంత మాత్రాన ఓటు మారనక్కర్లేదు, కానీ అతను మామూలుగా ఉండేదే అక్కడైతే ఓటూ అక్కడే ఉండాలి. నాయకుడు రెండు చోట్ల నిలబడొచ్చు గానీ, ఓటరు పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండటానికి వీల్లేదు. నివాసం గురించి తెలిసీ అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఒక్క ఓటుకు ఇంత రాద్ధాంతమా అనుకోకండి. 2019లో ఇదే తిరుపతిలో భూమన కరుణాకర్ రెడ్డి గెలిచింది 708 ఓట్లతో. అంత తక్కువ తేడా ఉన్నచోట చెల్లని ఓట్లు ఫలితాన్ని మార్చాయని ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు. అలాంటి పిటిషన్‌లో మొదట తీసేది ఓటర్ల జాబితానే. మీ తమ్ముడిని చిరునామా మార్పు కోసం ఫారం 8 నింపి, పేరూరు చిరునామా రుజువు జతచేసి, బీఎల్వోకు (బూత్ స్థాయి అధికారికి) గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వమనండి. ఈసారి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు.