నిలువు కాక్టస్: మొదలు మెత్తబడితే ఏం చేయాలి?

ప్రశ్న: మా డాబా మీద కుండీలో ఐదడుగుల సెరియస్ కాక్టస్ ఉంది. ఈ వానల్లో మొదలు గోధుమ రంగుకి తిరిగింది. కుళ్లిందంటారా? నీళ్లు ఆపేస్తే చాలా? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. చెక్కలా బిరుసుగా, పొడిగా ఉంటే భయం లేదు. వయసు వచ్చేకొద్దీ సెరియస్ కింది నుంచి బెరడు కడుతుంది, దాని బలంతోనే అంత ఎత్తు నిలబడుతుంది. వేలు దిగబడి, తడి తగిలి, చెడు వాసన వస్తే మాత్రం కుళ్లే. అప్పుడు నీళ్లు ఆపి లాభం లేదు. కుళ్లు కాండం మధ్యలో నీళ్లు మోసే నరాల వలయం గుండా పైకి పాకుతుంది, బయట పచ్చగానే కనబడుతుంది. ఆ రోజే కోసేయండి.

పాత తువ్వాలు మడిచి కాండానికి చుట్టి, ఇంకొకరిని పట్టుకోమనండి. మెత్తబడిన చోటికి జానెడు పైన పదునైన కత్తితో అడ్డంగా కోయండి. కోసిన ముఖం చూడండి: మధ్య వలయంలో ఎర్రటి చుక్క ఒక్కటున్నా రెండంగుళాలు పైకి జరిగి మళ్లీ కోయాలి. ప్రతి కోతకీ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే రోగాన్ని మనమే పైకి మోసుకెళ్తాం. ముఖం అంతా శుభ్రంగా వచ్చాక గంధకం పొడి గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశక మందు గానీ అద్దండి.

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. మూడు, నాలుగంగుళాల లావు ముక్క ఆరడానికి రెండు మూడు వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువే. గాలాడే నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. పడుకోబెడితే కొన వంకర తిరుగుతుంది. కోత గట్టిగా పెచ్చు కట్టాకే నాటాలి.

కుండీ మట్టిదే మేలు, కాండం కన్నా మూడు, నాలుగంగుళాలు వెడల్పు ఉంటే చాలు. పెద్ద కుండీలో వేళ్లు తాగని తడి నిలిచిపోతుంది. మిశ్రమంలో ముప్పాతిక వంతు ముతక ఇసుక, ఇటుక ముక్కలు, మిగతాది ఎర్రమట్టి, కొద్దిగా వర్మీకంపోస్టు. నల్లరేగడి వద్దు. మూడంగుళాల లోతున పెట్టి, మూడు కర్రలతో కట్టండి. రెండు వారాలు చుక్క నీరు పోయవద్దు. నెలా నెలన్నరకి మెల్లగా కదిపితే మట్టిని పట్టుకున్నట్టు తెలుస్తుంది, అది వేరు దిగిన గుర్తు.

ఆ తర్వాత వేసవిలో పది రోజులకోసారి అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. చలికాలంలో నెలకోసారి చాలు. వానాకాలంలో చూరు కిందకి జరిపి, కుండీ లోపల పూర్తిగా ఎండితేనే పోయాలి. కింద పళ్లెం పెట్టకండి.

ప్రశ్న: హాల్లో పెట్టిన కాక్టస్ పైభాగం పెన్సిల్‌లా సన్నబడింది. ఎరువు వేయాలా? (పాఠకుడు, విజయవాడ)

జవాబు: వద్దండి. వెలుగు చాలక సాగింది, ఎరువు వేస్తే ఇంకా సాగుతుంది. సన్నబడిన భాగం మళ్లీ మునుపటి లావుకి రాదు, రేపు పైన పెరిగే బరువుకి అక్కడే విరుగుతుంది. సన్నం మొదలైన చోట కోసేస్తే కింది ముళ్ల గుత్తుల నుంచి కొత్త పిలకలు వస్తాయి. ఎండలోకి ఒక్కసారిగా మార్చకండి, తెల్లటి కాలిన మచ్చలు పడితే అవి పోవు. మొదట పొద్దుటెండ, రెండు మూడు వారాలకి పూర్తి ఎండ.

ప్రశ్న: మా నిలువు జెముడుని కోస్తే పాలు కారాయి. (పాఠకురాలు, కర్నూలు)

జవాబు: అయితే అది కాక్టస్ కాదు, బొంతజెముడు వంటి యుఫోర్బియా జాతి. ఆ పాలు కంటికి చాలా ప్రమాదం. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోయకండి.

ప్రశ్న: సెరియస్ పూసింది, కాయ నిలవలేదు. ఎందుకని? (పాఠకుడు, తిరుపతి)

జవాబు: పువ్వు రాత్రి విచ్చుకుని పొద్దున్నే వాడిపోతుంది. దాని స్వదేశమైన దక్షిణ అమెరికాలో గబ్బిలాలు, రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. పైగా సాధారణంగా తన పుప్పొడి తనకి పనికిరాదు, ఒకే మొక్క నుంచి తీసిన కొమ్మలు పదున్నా అంతే. వేరే మొక్క పువ్వు పుప్పొడిని రాత్రి తొమ్మిది, పది మధ్య మెత్తటి కుంచెతో కీలాగ్రానికి (పువ్వులో పుప్పొడిని అందుకునే ఆడ భాగం కొనకి) అద్దండి. కాయ నిలిస్తే ముళ్లు ఉండవు, లోపల తెల్లటి గుజ్జు తినొచ్చు.