నాలుగు గోడల మీద ఒకే నది: ఆ వీడియో ఎవరిది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ముగ్గురు మిత్రులం ప్రొజెక్టర్లతో ప్రదర్శనలు ఇచ్చే చిన్న సంస్థ నడుపుతున్నాం. ఉగాదికి ఒక అపార్టుమెంటు అసోసియేషన్ కోరితే, మైదానం చుట్టూ ఉన్న నాలుగు బ్లాకుల గోడల మీద ఒకే వీడియో వేశాం. కృష్ణమ్మ మొదటి గోడ మీద మహాబలేశ్వరంలో పుట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి, నాలుగో గోడ మీద హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 4.5 లక్షలకు ఒప్పుకుని 2.7 లక్షలే ఇచ్చారు. పైగా మా ఫైళ్లు మరో సంస్థకు ఇచ్చి, శ్రీశైలం భాగాన్ని ఇంకో వేడుకలో వేయించారు. అడిగితే "ఒక ముక్కే కదా" అంటున్నారు. ఒప్పంద పత్రం లేదు. కొటేషన్, వాట్సాప్ సందేశాలు, బిల్లు ఉన్నాయి. వీడియో మాదా, వాళ్లదా?

జవాబు: ముందు మీకు రుచించని మాట చెప్పాలి. కాపీరైట్ చట్టం, 1957లోని 17(బి) సెక్షన్ ప్రకారం, ఒకరు కోరగా డబ్బు తీసుకుని తయారుచేసిన సినిమాకు కోరినవారే తొలి హక్కుదారు. థియేటర్లో ఆడేదే సినిమా అనుకోకండి. కదిలే బొమ్మలను కంప్యూటర్లో భద్రపరిచినా చట్టం దృష్టిలో అది సినిమాయే. బాకీ ఉన్నంత మాత్రాన హక్కు మీకు తిరిగి రాదు. రాత్రింబవళ్లు కూర్చుని చేసినవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. నాకూ అలాగే తోస్తుంది.

కానీ అదే సెక్షన్‌లో "అందుకు భిన్నమైన ఒప్పందం లేకపోతే" అనే షరతు ఉంది. మీ బలమంతా అక్కడే. ఆ ఒప్పందం రాతలోనే ఉండాలని ఆ సెక్షన్ చెప్పలేదు. కొటేషన్‌లో "ఒక ప్రదర్శనకు", "ఈ ప్రాంగణానికి మాత్రమే" వంటి మాటలున్నాయేమో చూడండి. కార్యదర్శి ఎప్పుడైనా "మళ్లీ వేసుకోవాలంటే ఎంత అవుతుంది?" అని సందేశం పెట్టి ఉంటే, హక్కు మీదేనని వాళ్లే ఒప్పుకున్నట్టు గట్టిగా వాదించవచ్చు. హక్కు మీదని తేలాక, దాన్ని నోటిమాటతో తమకు ఇచ్చేశారని వాళ్లు అనలేరు; బదిలీకి సంతకంతో కూడిన రాత ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ సందేశాలున్న ఫోను మార్చకండి, ఏదీ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేసి వాటిని కోర్టులో పెట్టాలి.

"ఒక ముక్కే" అన్న వాదన నిలవదు. సినిమాలోని ఏ ఒక్క దృశ్యాన్ని ఫొటో తీసినా అది ప్రతి తీసినట్టేనని 14వ సెక్షన్ అంటోంది.

ఇక మీరు అడగని సంగతి ఒకటుంది, నా దృష్టిలో అదే ముఖ్యం. వీడియో వేరు, దాన్ని విడివిడి గోడలకు అమర్చిన పని వేరు. రెండు బ్లాకుల నడుమ ఖాళీలో, నదిలో సాగే పడవ కనిపించదు, కానీ మీ లెక్కలో ఆ ఖాళీ వెడల్పు కూడా ఉంటుంది. అందుకే రెండో గోడ అంచున మాయమైన పడవ, ఆ దూరానికి పట్టేంత సేపు ఆగి మూడో గోడ మీద ముక్కు బయటపెడుతుంది. ఆ గోడల డ్రాయింగులు, కిటికీల మీద వెలుగు పడకుండా గీసిన మాస్కులు, మీరు రాసుకున్న ప్రోగ్రాములు సినిమా కిందకు రావు. 17(బి)లో ఉన్నవి ఫొటో, వర్ణచిత్రం, రూపచిత్రం, నగిషీ, సినిమా మాత్రమే. కాబట్టి మిగిలినవి తయారుచేసిన మీవేనని నా అభిప్రాయం. ఆ ఫైళ్లు కూడా అవతలి సంస్థ చేతికి వెళ్లి ఉంటే మీ కేసు బాగా బలపడుతుంది. డ్రాయింగులు గీసింది మీ ఉద్యోగి కాక బయటి ఆర్టిస్టు అయితే ముందు ఆయన దగ్గర హక్కులు రాయించుకోండి. నాలుగు గోడల మీద నదిని పారించాలన్న ఆలోచన మాత్రం ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. వీడియోలో అనుమతి లేని సినిమా పాట ఉంటే నోటీసుకు ముందే మీ వకీలుకు చెప్పండి, అవతలివారు మొదట పట్టుకునేది దాన్నే.

బాకీ సంగతి దీనికంటే తేలిక. పనికి ముందే మీకు ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం మీకు అక్కరకొస్తుంది. చెల్లింపు గడువు రాసుకున్నా 45 రోజులు మించకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. ఆపైన రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదు ఆ చట్టం కింద ఇలాంటి బాకీ తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేయాలి. నమోదు లేకపోతే అసోసియేషన్ పేర నోటీసు ఇచ్చి, పని పూర్తయిన మూడేళ్లలోపు సివిల్ దావా వేయండి.

పోలీసు స్టేషన్‌కు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. బాకీ ఎగవేత దానంతటదే మోసం నేరం కాదు. వీడియో హక్కు ఎవరిదో తేలకుండా కాపీరైట్ నేరమని కేసు పెడితే మీకే ఎదురు తిరగవచ్చు. కొటేషన్, సందేశాలు, మొదటి డ్రాయింగు నుంచి చివరి ఫైలు దాకా తేదీలతో సహా ఒక డ్రైవులో భద్రపరిచి, ముందు బాకీ నోటీసు పంపండి.