కొత్త పీసీలో కౌంటర్ స్ట్రైక్ 1.6: 100 ఎఫ్‌పీఎస్ చూపిస్తున్నా కుదుపులు ఎందుకు?

కావలి నుంచి అడిగిన ప్రశ్న ఇది: రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 144 హెర్ట్జ్ మానిటర్. గేమ్‌లో 100 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 100 ఫ్రేములు) కదలకుండా నిలబడుతోంది, కానీ గన్ గబుక్కున తిప్పితే బొమ్మ తడబడుతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

వద్దు, రూపాయి కూడా పెట్టొద్దు. 1.6 ఇంజిన్ పని దాదాపుగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది, ఆ కార్డుకి అది బరువే కాదు. తేడా వేరే చోట ఉంది. గేమ్ మామూలుగా 100 దగ్గర ఆగిపోతుంది, మానిటర్ మాత్రం సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుంది. సుమారుగా చూస్తే 44 ఫ్రేములు రెండేసి సార్లు, మిగతా 56 ఒక్కోసారి తెర మీదికి వస్తాయి. ఒకటి 7 మిల్లీసెకన్లు ఉంటే పక్కది 14. చేతికి తెలిసే జెర్క్ అదే.

దీనికి రెండు దారులు. మానిటర్‌లో ఫ్రీసింక్ (ఫ్రేము వచ్చినప్పుడే తెర మారేలా చేసే సదుపాయం) ఉంటే మెనూలో ఆన్ చేసి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో దాని జోడీ అయిన జీ-సింక్ ఎనేబుల్ చేయండి. ఆ ఆప్షనే కనబడకపోతే హెచ్‌డీఎంఐ తీసి డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ పెట్టండి, చాలా ఫ్రీసింక్ మానిటర్లలో ఎన్విడియా కార్డుతో అది డిస్‌ప్లే పోర్ట్ మీదే పనిచేస్తుంది. ఫ్రీసింక్ లేకపోతే విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 100 హెర్ట్జ్ ఎంచుకోండి. వెనకబడ్డట్టు అనిపిస్తుంది గానీ ఈ గేమ్‌కి 144 కంటే 100 హెర్ట్జే నున్నగా నడుస్తుంది. ఎంచుకున్నాక గేమ్ తెరిచి, మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూలో ఎన్ని హెర్ట్జ్ చూపిస్తోందో చూడండి. విండోస్ చెప్పింది నమ్మొద్దు, కొన్నిసార్లు ఫుల్ స్క్రీన్‌లో 60కి పడిపోయి ఉంటుంది.

గేమ్ కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోటు) ఎఫ్‌పీఎస్_ఓవర్‌రైడ్ 1 (fps_override 1) పెడితే 100 దాటొచ్చు. కానీ ఈ ఇంజిన్‌లో ఫ్రేములు పెరిగితే కదలిక లెక్కలూ మారతాయి, అందుకే చాలా సర్వర్లు ఒప్పుకోవు. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళకి నేను ఇది చెప్పను.

రెండో అనుమానం, కార్డు నిద్రపోవడం. పని తక్కువ కదా అని క్లాక్ తగ్గించుకుంటుంది, స్మోక్ గ్రెనేడ్ పడగానే ఉలిక్కిపడి లేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు పనితీరు చూపే ప్రోగ్రామ్) కోర్ క్లాక్ గ్రాఫ్ రంపం పళ్ళలా ఉంటే ఇదే. ఎన్విడియా ప్యానెల్‌లో గేమ్ ఎగ్జిక్యూటబుల్‌కి మాత్రమే పవర్ మేనేజ్‌మెంట్‌ని మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్ చేసి, థ్రెడెడ్ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి. మౌస్ 4000, 8000 పోలింగ్ రేటుదైతే (సెకనుకు అన్నిసార్లు కదలిక పంపేదైతే) 1000కి దించండి, పాత ఇంజిన్లు అంత వరద తట్టుకోలేవు.

కొలవకుండా ఏదీ మార్చొద్దు. ఒక డెమో (ఆట రికార్డింగ్) చేసుకుని టైమ్‌డెమో ఆదేశంతో నడిపితే సగటు ఎఫ్‌పీఎస్ తెలుస్తుంది, కానీ కుదుపుని సగటు పట్టుకోలేదు. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే కొలిచే ప్రోగ్రామ్‌తో ఒకే మ్యాప్, ఒకే దారిలో 60 సెకన్లు, మూడుసార్లు తీయండి. ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) 10 మిల్లీసెకన్ల దగ్గర గీతలా ఉండాలి. “1% low” (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్) 95కి పైన ఉంటే సిస్టమ్ బాగున్నట్టే. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి మళ్ళీ కొలవండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ర్యామ్ రెండో స్టిక్ 1.6 కోసమైతే అక్కర్లేదు. జనం గుమిగూడే ఎంఎంఓ గేములూ ఆడితే మాత్రం తేడా కనబడుతుంది. ఉన్న స్టిక్‌కి బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్‌ల మెనూ) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్, ఆన్ చేయండి, లేకపోతే 3200 స్టిక్ 2400లోనో 2666లోనో నడుస్తుంటుంది. మన దగ్గర కరెంటు పోయి వచ్చాక కొన్ని బోర్డులు ఆ సెట్టింగ్ వదిలేస్తాయి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ అప్పుడప్పుడూ చూసుకోండి.

ఇక ఇంటర్నెట్ లైన్. కన్సోల్‌లో నెట్_గ్రాఫ్ 3 (net_graph 3) పెడితే పింగ్ (సర్వర్‌కి పోయిరావడానికి పట్టే సమయం), లాస్, చోక్ కనబడతాయి. చోక్ అంటే సర్వర్ దగ్గర డేటా ఉండీ మీ పరిమితుల వల్ల ఆగిపోతోందని: కన్సోల్‌లోనే రేట్ (rate) 100000 చేసి చూడండి, పోకపోతే సీఎల్_అప్‌డేట్‌రేట్ (cl_updaterate) 100 నుంచి 60కి దించండి. లాస్ అయితే డేటా దారిలోనే పోతోంది. ముందు రౌటర్ అడ్రసుకే వంద పింగ్‌లు కొట్టండి. కేబుల్ మీద అన్నీ 1 మిల్లీసెకను లోపే రావాలి. వైఫైలో 2, 3, 40, 2 అని ఊగితే కుదుపు మీ గోడల మధ్యే ఉంది, ల్యాన్ కేబుల్ లాగండి. రౌటర్ దాకా శుభ్రంగా ఉండి చెన్నై సర్వర్‌కి 30 మిల్లీసెకన్ల పైన వస్తే ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిలో వెళ్తోందో చూపే ఆదేశం) తీయండి. కావలి నుంచి చెన్నైకి ఫైబర్‌లో వెలుగు పోయిరావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. మిగతాది దారి ఎక్కడెక్కడో తిరగడమో, దారిలో రద్దీయో. ఆ ట్రేస్‌రూట్ స్క్రీన్‌షాట్ తీసి మీ ఇంటర్నెట్ వాళ్ళకి పంపండి, ఊరికే స్లో అంటే వాళ్ళు స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్ళిపోతారు.