నవలా రచయిత దినచర్య: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను నవలను ఫోన్‌కు డిక్టేట్ చేసి రాస్తున్నాను, అంటే నేను నోటితో చెబితే ఫోన్ అక్షరాల్లోకి మారుస్తుంది. అధ్యాయాలు వేగంగానే తయారవుతున్నాయి గాని, వాటిని దిద్దుదామని కూర్చునేసరికి ప్రచురణకర్తల మెయిళ్లు, పాత పుస్తకం ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు సరిచూసే ప్రతులు), లెక్కలు మీద పడుతున్నాయి. ఈ మూడు పనులనూ ఒకే రోజులో ఎలా ఇమిడ్చుకోవాలి?

జవాబు: మనిషి మాట్లాడే వేగం మామూలుగా టైపు చేసే వేగానికి రెండు మూడు రెట్లు ఉంటుంది కనుక, ఒక పూట పట్టవలసిన అధ్యాయం ఒక్కోసారి గంటలోనే పూర్తవుతుంది. అలా మిగిలిన సమయం ఎవరికి చెందుతుందన్నదే అసలు విషయం. దాని మీద మొదటి హక్కు దిద్దుబాటుదేనని నేను గట్టిగా నమ్ముతాను. చేత్తో రాసేటప్పుడు వాక్యాన్ని మనసులో ఒకటికి రెండుసార్లు సవరించుకుని కాగితం మీద పెడతాం. నోటితో చెప్పేటప్పుడు ఆ సవరణ జరగదు, వాయిదా పడుతుంది. ఆ బాకీ తీర్చవలసిన గంటలను మెయిళ్లకూ లెక్కలకూ ధారపోస్తే చిత్తుప్రతులు పేరుకుపోతాయే తప్ప నవల పూర్తి కాదు. అందుకే నేను డిక్టేషన్‌కు ఒక గంట కేటాయిస్తే దిద్దుబాటుకు కనీసం రెండు గంటలు ఉంచుకుంటాను. వ్యవహారాలకు సాయంత్రం ఒక గంట ఇస్తాను, అత్యవసరమైతే తప్ప అంతకు మించనివ్వను.

డిక్టేషన్ ఉదయం పూట, మెయిల్ తెరవకముందే జరగాలి. ఒక ఒప్పందం గురించిన రెండు వాక్యాల మెయిల్ చదివిన తరువాత పాత్ర నోట మాట పలికించడం ఎంత కష్టమో అనుభవమున్న వారందరికీ తెలుసు. ముందురోజు రాత్రే మర్నాటి ఘట్టం గురించి నాలుగైదు పంక్తులు రాసిపెట్టుకోవాలి. ఘట్టంలో ఎవరున్నారు, ఎవరికి ఏం కావాలి, ఎక్కడ ఆపాలి అన్నవి అందులో ఉంటే చాలు. ఆ చీటీ లేకుండా మైకు ముందు కూర్చుంటే కథ కోసం వెతుక్కునే మాటలన్నీ ప్రతిలోకి చేరతాయి, తరువాత వాటిని ఏరి పారేయడానికే ఒక పూట పడుతుంది. చెబుతున్నంతసేపూ తెర వంక చూడకూడదు. తెర మీద తప్పు కనిపించిన క్షణంలో మనం రచయిత స్థానం వదిలి సంపాదకుడి స్థానంలోకి వెళ్లిపోతాం, మళ్లీ వెనక్కి రావడం అంత తేలిక కాదు. గొంతు అలసిందని అనిపించగానే ఆపేయడం కూడా పద్ధతిలో భాగమే. బొంగురు గొంతును యంత్రం సరిగా పట్టుకోలేదు, మర్నాడు మీకూ మాట పెగలదు.

ఇక దిద్దవలసింది ఈ రోజు చెప్పినదాన్ని కాదు, నిన్నటిదాన్ని. ఇప్పుడే చెప్పిన వాక్యం ఇంకా చెవిలో మోగుతూ ఉంటుంది కనుక, కాగితం మీద లేనిదాన్ని కూడా ఉన్నట్టే చదువుకుంటాం. ఒక రాత్రి గడిస్తే ఆ మోత తగ్గుతుంది. అలాగని వారం రోజులు ఆపితే యంత్రం తప్పుగా పట్టుకున్న చోట మీరు అసలు ఏమన్నారో మీకే అంతుపట్టదు. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున 5:30కే బల్ల దగ్గర కూర్చుని మూడు గంటలు రాసేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడని చాలామంది చెప్పుకుంటారు గాని, ఆ మూడు గంటల్లో మొదటి అరగంట ముందురోజు రాసినదాన్ని చదువుకోవడానికే వెచ్చించేవాడన్న సంగతి నాకు అంతకంటే విలువైనదిగా తోస్తుంది. మాటల లెక్క మనిషిని బట్టి మారుతుంది, ఆ అరగంట మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

ప్రశ్న: డిక్టేట్ చేసిన అధ్యాయం చదివితే ఎవరో కబుర్లు చెబుతున్నట్టు ఉంటోంది. రాతలో ఉండే బిగువు రావడం లేదు. డిక్టేషన్ మానేయమంటారా?

జవాబు: మానవలసిన అవసరం లేదు. విశ్వనాథ సత్యనారాయణ గారు వేయిపడగలు చెబుతూ ఉంటే తమ్ముడు రాసుకున్నారు, ఆ నవల బిగువు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. మీరు చూడవలసింది మీ నోటి అలవాట్లు ఏమిటన్నది. తెలుగులో చెబుతూ పోయేవారికి సాధారణంగా వచ్చే చిక్కు ఒక క్రియను పట్టుకుని ఇంకో క్రియలోకి జారడం. ఉదాహరణకు, "ఆమె తలుపు తీసింది, తీసి లోపలికి వచ్చింది, వచ్చి అక్కడున్న కుర్చీలో కూర్చుంది, కూర్చుని అతని వంక చూసింది" అని నోరు చెబుతుంది. వినేవారికి ఇందులో తప్పేమీ తోచదు, పైగా కథ చెప్పే ఒడుపు ఉంది. అచ్చులో మాత్రం నాలుగు పనులూ ఒకే బరువుతో పడి, చూపుకు ఉండవలసిన ప్రాధాన్యం పోతుంది. "ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. చాలాసేపటికి గాని అతని వంక చూడలేదు" అని దిద్దితే తలుపు ఊసు లేకుండానే ఆ గదిలోని బిగింపు పాఠకుడికి అందుతుంది. "అయితే", "మరి", "ఆ తరువాత" అన్నవి వాక్యాల మొదట్లో ఎన్నిసార్లు దొర్లుతున్నాయో ఒక అధ్యాయంలో గుర్తు పెట్టి చూడండి. మూడు వంతులు తీసేసినా అర్థానికి లోటు రాదు. సంభాషణలను మాత్రం తొందరపడి కొట్టివేయకండి. పాత్రల మాటలు నోటితో చెప్పినప్పుడే సహజంగా వస్తాయి, డిక్టేషన్ మనకిచ్చే పెద్ద లాభం అదే.

యంత్రం చేసే తప్పులు వేరే రకం. హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు తారుమారవుతాయి, సమాసాలు ముక్కలవుతాయి, ఒకరి మాట ఎక్కడ ముగిసి ఇంకొకరిది ఎక్కడ మొదలైందో గుర్తులు ఉండవు. అరుదైన పాత్ర పేరును ప్రతిసారీ ఒక్కో రకంగా రాస్తుంది కనుక, చెప్పేటప్పుడు దానికి బదులు యంత్రం తప్పకుండా గుర్తించే సులువైన పేరు వాడి, చివర ఒకేసారి మార్చుకోవడం మేలు. అయితే ఆ సులువైన పేరు కథలో మరెవరికీ ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గొంతు రికార్డింగును అధ్యాయం దిద్దడం ముగిసేదాకా చెరిపివేయకండి. అర్థం కాని వాక్యం ఎదురైనప్పుడు ఊహించి పూరించే బదులు మీ గొంతే మీరు వినవచ్చు. దిద్దిన ప్రతిని చివరిగా ఒకసారి పైకి చదువుకోవాలి. నాలుక తడబడిన చోట వాక్యంలో ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

ప్రశ్న: రచయితకు వ్యాపార వ్యవహారాలు అవసరమా? వాటిని పూర్తిగా ప్రచురణకర్తకే వదిలేస్తే సమయం కలిసొస్తుంది కదా?

జవాబు: పూర్తిగా వదిలేయకూడదు. రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ 1865లో అప్పుల ఒత్తిడిలో ఒక ఒప్పందం మీద సంతకం చేశాడు. మరుసటి ఏడాది నవంబర్ 1 నాటికి కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు ఆయన రచనలను పైసా చెల్లించకుండా అచ్చు వేసుకునే హక్కు ప్రచురణకర్తకు దక్కుతుందన్న షరతు అందులో ఉంది. 1866 అక్టోబర్‌లో అన్నా స్నీత్కినా అనే యువతి షార్ట్‌హ్యాండ్ రాయడానికి వచ్చింది. పగలు ఆయన చెప్పేవాడు, సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి మామూలు లిపిలోకి ఎత్తి రాసేది, మర్నాడు ఆయన దాన్ని దిద్దేవాడు. అలా 26 రోజుల్లో నవల పూర్తయింది, గడువు తప్పలేదు. తరువాత ఆయనను వివాహమాడిన అన్నా, 1873 నుంచి ఆయన పుస్తకాలను ఇంటి నుంచే స్వయంగా ప్రచురించి, అమ్మకాలూ లెక్కలూ తానే చూసుకుంది. ఒక చెడ్డ ఒప్పందం రచయితను ఎంత దూరం తీసుకుపోగలదో, వ్యవహారం తెలిసిన మనిషి తోడుంటే ఎంత నిలబడగలడో ఆ ఒక్క ఇంట్లోనే చూడవచ్చు.

మనలో ఎక్కువమందికి అలాంటి తోడు దొరకదు కనుక సాయంత్రపు గంట తప్పదు. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా అన్నవి వేర్వేరు హక్కులు. "సర్వహక్కులూ" అన్న ఒక్క మాట కింద సంతకం చేస్తే అన్నీ ఒకేసారి చేయి దాటిపోతాయి. ప్రతి పుస్తకానికీ ఒక పేజీ పెట్టుకుని, ఏ హక్కు ఎవరికి, ఎప్పటివరకు ఇచ్చారు, రాయల్టీ లెక్క ఎప్పుడు రావాలి అన్నవి రాసి ఉంచుకోండి. మెయిళ్లకు జవాబులు ఆ గంటలోనే రాయండి, కొత్త ఒప్పందానికి మాత్రం అదే రోజు సమ్మతి తెలపకండి. లెక్కలు, పన్నుల కాగితాలు వారానికి ఒక సాయంత్రం చూసుకుంటే సరిపోతుంది. ప్రూఫులకు గడువు ముంచుకొచ్చినప్పుడు వాటిని దిద్దుబాటు గంటల్లో చూసుకోండి. అవీ దిద్దేవే కనుక మనసు పెద్దగా మారవలసిన పని ఉండదు. ఉదయపు డిక్టేషన్ గంటను మాత్రం ప్రూఫులకు కూడా ఇవ్వకండి.