కేబుల్ పెడితే ఇంటర్నెట్ వేగం 95 ఎంబీపీఎస్ దాటకపోవడం: కారణం, పరిష్కారం

విశాఖ ఎంవీపీ కాలనీలోని మీ ఇంట్లో వైఫైకి 250 ఎంబీపీఎస్ వస్తున్నా, కేబుల్ పెట్టిన ల్యాప్‌టాప్‌కు 95 దాటడం లేదంటే, కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి పిన్నుకు సరిగా తగలడం లేదని నా అనుమానం. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానికి, ఎనిమిదీ కావాలి. 1, 2, 3, 6 పిన్నులే పనిచేస్తే లింకు 100 దగ్గర ఆగిపోతుంది.

1. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ తెరిచి, లింక్ స్పీడ్ 100 అని ఉందేమో చూడండి.

2. చాలామంది ల్యాప్‌టాప్ వైపు కేబుల్ మార్చి ఊరుకుంటారు గాని, గోడ సాకెట్‌ను అనుమానించరు. దాన్ని తప్పించి, మంచి క్యాట్ 5ఈ (గిగాబిట్‌కు సరిపోయే రకం) కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. అప్పుడు 1000 చూపితే దోషం గోడ వైపో, పాత కేబుల్‌లోనో ఉంది. విశాఖ ఉప్పుగాలికి సాకెట్ పిన్నుల మీద ఆకుపచ్చ పొర పేరుకోవచ్చు. దయచేసి గీకకండి, పూత పోతుంది, సాకెట్‌నే మార్చండి.

3. నేరుగా కలిపినా 100 అయితే, ల్యాప్‌టాప్ పోర్టో రౌటర్ పోర్టో అంతవరకే పనిచేసేదేమో చూడండి.